పింఛను ఇవ్వడానికి వెళ్తే అవ్వ మణికట్టు మీద కట్టేసిన గుర్తులు.. ఎవరికి చెప్పాలి?

ఒకటో_తారీఖు (సోమవారం రాత్రి)
నేను ఆంధ్రాలో ఒక గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని. ఊరు, మండలం చెప్పను, పొగాకు బ్యారన్లు (ఆకు కాల్చే కొట్లు) ఎక్కువ ఉండే వైపు అనుకోండి చాలు. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛన్లు మొదలుపెట్టాం, నా వంతు యాభై పైనే ఇళ్లు. అందులో ఒక అవ్వ, డెబ్బై దాటి ఉంటాయి, ఆకు పనికి పోయి పోయి వేలిముద్రలు అరిగిపోయాయి, మిషన్ మీద ఎప్పుడూ నాలుగైదు సార్లు పెట్టాల్సిందే. ఈసారి కూడా పడలేదు. చెయ్యి పట్టుకుని తడిగుడ్డతో వేలు తుడుస్తుంటే మణికట్టు చుట్టూ కమిలిన గీత కనబడింది. గాజులు ఒరుసుకున్న గుర్తు కాదండీ అది, చుట్టూతా ఉంది, గుడ్డ పేలికతో బిగించి కట్టినట్టు. ఏందవ్వా ఇది అంటే కొడుకు వంక చూసి "ఏం లేదు నాయనా దురద" అంది. కొడుకేమో టైమవుద్ది సార్ ఫేస్ పెట్టి కానిచ్చేయండి అన్నాడు. 4,000 అవ్వ చేతిలో పెట్టా, నేను వాకిలి దాటకముందే ఆయన జేబులోకి పోయినయ్.

వదిలేద్దామనుకున్నా, వల్ల కాలేదు. స్టేషన్‌లో తెలిసినాయన్ని అడిగితే కంప్లయింట్ ఎవరిస్తారు, అవ్వ ఇస్తదా అన్నాడు. ఆస్పత్రిలో అడిగితే గాయం ఉంటే తీసుకురండి ఇంటి గొడవలు మా పని కాదన్నారు. మండలం ఆఫీసులో అడిగితే అది పోలీసోళ్లది కదా అన్నారు. మూడు చోట్ల తిరిగి మొదలైన చోటికే వచ్చా. ఎవరూ తప్పుగా మాట్లాడలేదు, అందరూ మర్యాదగానే పక్కోళ్ల పేరు చెప్పారు. ఇప్పుడేం చెయ్యమంటారు?

నాకెందుకులే (సోమవారం రాత్రి)
ముసలివాళ్ల హెల్ప్‌లైన్ 14567 కి ఫోన్ చెయ్ బ్రో. వివరాలన్నీ చక్కగా రాసుకుంటారు. తర్వాత నీకే ఫోన్ చేసి మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని కలవండి అని చెప్తారు 😂

రిటైర్డ్_హెడ్డు (సోమవారం రాత్రి)
నవ్వులాట కాదు గానీ, బాబూ ముందు ఒక మాట. నేను రాయలసీమలో ముప్పై ఏళ్లు పైన పోలీసు డ్యూటీ చేసినా. కేసు కట్టించాలని మొదటి రోజే పోవద్దు. కేసు కడితే కొడుకుని పిలిపిస్తారు, రెండు దెబ్బలేస్తారో మందలిస్తారో, సాయంత్రానికి ఇంటికి పోతాడు, ఆ రాత్రి అవ్వకి బువ్వ పెట్టేది ఎవరు? అది ఆలోచించకుండా మేము చానా కేసులు చేసినాం, ఇప్పుడు తలుచుకుంటే బాధ.

అట్లాగని పోలీసుల పని కాదనేది కూడా తప్పు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్‌లో సెక్షన్ 100 అని ఉంది, మతి స్థిమితం లేక రోడ్ల మీద తిరిగే మనిషిని స్టేషన్ ఆఫీసర్ రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గర్లో ఉన్న సర్కారు ఆస్పత్రికి చేర్చాల. లాకప్‌లో పెట్టకూడదు. ఇంట్లోనే అట్లాంటి మనిషిని హింసిస్తున్నారనో గాలికొదిలేసినారనో తెలిస్తే మేజిస్ట్రేట్‌కి రిపోర్ట్ చెయ్యాల, అది సెక్షన్ 101. ఈ నంబర్లు స్టేషన్‌లో ఎంతమందికి తెలుసో అడగొద్దు.

సూదిమందక్క (సోమవారం రాత్రి)
నేను ఏఎన్‌ఎం ని. తమ్ముడూ కోపం తెచ్చుకోకు, ఒక ప్రశ్న అడుగుతా. ఆ అవ్వ రాత్రిళ్లు లేచి ఎటైనా నడిచిపోతోందా? కనుక్కున్నావా?

ఎందుకంటే నాకు ఇలాంటిదే ఒకటి తగిలింది నాలుగేళ్ల కింద. నేనూ నీలాగే రగిలిపోయా. తీరా చూస్తే ఆ ముసలామె అర్ధరాత్రి లేచి పుట్టింటికి పోతానని చెరువు కట్ట ఎక్కేది. ఎప్పుడో చచ్చిపోయిన వాళ్ల నాన్నకి అన్నం తీసుకెళ్లాలంట. కట్టకపోతే చెరువులో పడుద్ది, కడితే మనం బూతులు తిడతాం. ఆ ఇంటాయనకి డెమెన్షియా (ముసలితనంలో మతి తప్పే జబ్బు) అనే మాటే తెలీదు, గాలి సోకింది అనుకుంటున్నాడు. కట్టడం కరెక్ట్ అనడం లేదు నేను. కానీ అది నేరమా జబ్బా అనేది వాకిట్లో నిలబడి చూస్తే తెలియదు.

ఒకటో_తారీఖు (మంగళవారం పొద్దున)
అక్కా.. నిజంగా అది అడగలేదు. అసలు నా బుర్రకే రాలేదు.

ఓరుగల్లు_పిల్ల (మంగళవారం పొద్దున)
నేను తెలంగాణల సఖి సెంటర్ల కేస్ వర్కర్‌గ చేస్తున్న. రెండు ముచ్చట్లు చెప్త. సఖి అంటే మొగుడు కొట్టిన పెండ్లాలకే అనుకుంటరు అందరు, కాదు. ఏ వయసు ఆడమనిషైనా రావచ్చు. గృహహింస చట్టం (2005ది) కింద తల్లి కొడుకు మీద కూడ అడగొచ్చు, ఒకే ఇంట్ల ఉన్న రక్తసంబంధం చాలు. 2016ల సుప్రీం కోర్టు "వయోజన పురుషుడు" అనే మాట కొట్టేసినంక కోడలి మీద కూడ నడుస్తది. ఆడోళ్ల హెల్ప్‌లైన్ 181 కి ఫోన్ కొట్టినా మా దాంక పంపిస్తరు.

రెండోది నా కడుపుమంట. మా సెంటర్ల ఒకే కప్పు కింద వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్ అన్ని ఉండాలె, స్కీం 2015ల అట్లనే మొదలయింది, ఐడియా మస్తుగుంది. కానీ షెల్టర్ మామూలుగ ఐదు రోజులే. ఐదు రోజులు అందరు ఫోన్లు ఎత్తుతరు. ఆరో రోజు ఆ ఫైలు ఎవ్వరిది? పోలీసోళ్లు కాంప్రమైజ్ అయిందని రాసుకుంటరు, దవాఖానోళ్లు డిశ్చార్జ్ అని రాసుకుంటరు, మేము రిఫర్డ్ అని రాసుకుంటం. మూడు రిజిస్టర్లల్ల కేసు క్లోజ్. మనిషి మాత్రం అదే ఇంట్ల అదే మంచం మీద.

ఆ అవ్వ తానికి పోయి వాకిట్ల మాట్లాడకు అన్నా. ఒక్కతే ఉన్నప్పుడు మాట్లాడాలె. కొడుకు ముంగట ఏ తల్లి నోరిప్పదు.

వకీలు_గారబ్బాయి (మంగళవారం మధ్యాహ్నం)
2007 సీనియర్ సిటిజన్స్ చట్టం ఎవరూ చెప్పలేదేంటి. ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. అవ్వే వెళ్లక్కర్లేదు, చేతకాకపోతే ఆవిడ తరఫున ఎవరికైనా, సంస్థకైనా అధికారం ఇవ్వచ్చు, ట్రిబ్యునల్ తనంతట తానే కూడా తీసుకోవచ్చు. లాయర్ అక్కర్లేదు (మా నాన్నగారికి ఈ క్లాజు అంటే పరమ చిరాకు). నెలకి 10,000 వరకు మనోవర్తి ఇప్పించొచ్చు, నోటీసు ఇచ్చాక 90 రోజుల్లో తేల్చాలి. చూసుకుంటానని షరతు మీద రాయించుకున్న ఆస్తి ఉంటే సెక్షన్ 23 కింద ఆ రిజిస్ట్రేషనే రద్దు చెయ్యచ్చు. వదిలేసి పోతే 3 నెలల జైలు లేదా 5,000 జరిమానా, రెండూ కూడా పడొచ్చు.

రిటైర్డ్_హెడ్డు (మంగళవారం మధ్యాహ్నం)
బాగుంది సార్. కూలికి పోయేవాడి దగ్గర 10,000 ఎక్కడ్నుంచి ఇప్పిస్తారు?

వకీలు_గారబ్బాయి (మంగళవారం మధ్యాహ్నం)
అది గరిష్ఠం అండీ. 500 అని కూడా వేస్తారు. కానీ మీ పాయింట్ అర్థమైంది.

వేల్స్_డాక్టరు (మంగళవారం రాత్రి)
గుంటూరులో చదివి ఇప్పుడు వేల్స్‌లో ఎమర్జెన్సీలో పనిచేస్తున్నాను. ఈ థ్రెడ్ చదువుతుంటే ఇక్కడ మాకు ట్రైనింగ్‌లో తప్పకుండా చెప్పే ఒక కేసు గుర్తొచ్చింది, విక్టోరియా క్లింబీ అని. ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల పాప, లండన్‌లో నాయనమ్మ వరసయ్యే ఆవిడ (వాళ్ల నాన్నకి అత్త) దగ్గర పెరుగుతూ ఆవిడా ఆవిడ సహచరుడూ పెట్టిన హింసకి 2000 ఫిబ్రవరిలో చనిపోయింది. ఆ పాపని ఎవరూ చూడలేదా అంటే అందరూ చూశారు! రెండు ఆస్పత్రులు, నాలుగు కౌన్సిళ్ల సోషల్ సర్వీసెస్, పోలీసుల్లో రెండు చైల్డ్ ప్రొటెక్షన్ టీములు. ఒకళ్లు గజ్జి అనుకున్నారు, ఒకళ్లు ఇల్లు లేని సమస్య అనుకున్నారు. ఆపగలిగిన అవకాశాలు 12 పోయాయని తర్వాత ఎంక్వయిరీలో తేలింది. 2003లో లార్డ్ లామింగ్ రిపోర్ట్ ఇచ్చారు, 108 సిఫార్సులు.

నాకెందుకులే (మంగళవారం రాత్రి)
108 అంట, మన అంబులెన్స్ నంబరే. లండన్‌లోనూ ఇంతేనా, నేనింకా మనకే అనుకున్నా.

వేల్స్_డాక్టరు (మంగళవారం రాత్రి)
ఇంతే అండీ. తేడా ఏంటంటే దెబ్బ తగిలాక కొన్ని నేర్చుకున్నారు. 2003లో కార్డిఫ్‌లో మారాక్ అని మొదలుపెట్టారు, ఇంట్లో హింస వల్ల ప్రాణాపాయం ఉన్న కేసుల మీద పోలీసు, నర్సు, హౌసింగ్, స్వచ్ఛంద సంస్థ అందరూ ఒక టేబుల్ చుట్టూ కూర్చుంటారు. ఒక్కో కేసు మీద కొన్ని నిమిషాలే, నీకేం తెలుసు, నువ్వేం చేస్తావ్, ఎప్పటిలోపు. బాధితురాలు ఆ మీటింగ్‌కి రాదు, ఆవిడ తరఫున మాట్లాడే మనిషి ఒకరు ఉంటారు.

ఇంకోటి నాకు బాగా నచ్చింది, అదీ కార్డిఫ్‌దే. జోనథన్ షెపర్డ్ అనే దవడ సర్జన్, శనివారం రాత్రి బార్లలో గ్లాసులతో పొడుచుకుని వచ్చినవాళ్లకి కుట్లు వేసీ వేసీ, వీళ్లలో చాలామంది పోలీసుల లెక్కలోకే రావడం లేదని గమనించాడు. రిసెప్షన్‌లో గుమాస్తా చేత ఎక్కడ జరిగింది, ఎప్పుడు, దేంతో అని అడిగించి, పేర్లు తీసేసి ఆ కాగితం పోలీసులకీ కౌన్సిల్‌కీ పంపారు. వాళ్లు ఆ బార్ల దగ్గర పహారా మార్చారు, మామూలు గాజు గ్లాసులు తీసేయించారు. అదే సైజు ఊళ్లతో పోల్చి చూస్తే కొట్లాట గాయాలతో అడ్మిషన్లు 40 శాతం పైగా తగ్గాయని 2011లో పేపర్ వచ్చింది. యాప్ లేదు, కొత్త బిల్డింగ్ లేదు.

నాకెందుకులే (మంగళవారం రాత్రి)
డాక్టర్ గారూ ఇది నిజంగా బాగుంది. ఒప్పుకుంటున్నా. స్క్రీన్‌షాట్ తీసుకోండి, మళ్లీ ఒప్పుకోను.

పేరొద్దు_ఊరొద్దు (బుధవారం పొద్దున)
అందరూ ఒక టేబుల్ చుట్టూ కూర్చుని మాట్లాడతారు అంటుంటే నాకు భయమేస్తోందండీ. మా అన్నయ్యకి టీబీ వచ్చినప్పుడు మందులకి ఒక్క చోట పేరు రాయించాం, పదిరోజుల్లో వీధి మొత్తానికి తెలిసిపోయింది, వదిన వాళ్ల పుట్టింటికి కూడా చేరింది. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు. పల్లెటూళ్లో ఐదుగురు ఉద్యోగులు కలిసి మాట్లాడుకోవడం అంటే ఐదు కుటుంబాలకి చెప్పడమే. మీరు మంచికే చేస్తారు కానీ మా పరువు సంగతి ఎవరు చూస్తారు?

సూదిమందక్క (బుధవారం మధ్యాహ్నం)
మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, మా వాళ్లలోనూ నోరు నిలవనివాళ్లున్నారు. నేను పాటించేది చెప్తా, పుస్తకంలోది కాదు. పక్క డిపార్ట్‌మెంట్‌కి జబ్బు పేరు చెప్పను, అవసరం చెప్తా. అంగన్‌వాడీ టీచర్‌కి "ఆ ఇంటికి ఒక గుడ్డు ఎక్కువ దొరుకుద్దేమో చూడు" అంటా, ఎందుకో చెప్పను. పోలీసుకి "ఆ వీధిలో రాత్రి ఒకసారి రౌండ్ వేయండి" అంటా. ముందు ఆ మనిషినే అడుగుతా, నేను ఫలానా వాళ్లకి చెప్పనా అని. ప్రాణం మీదకొస్తే మాత్రం అడగను, చెప్పేస్తా.

మోడరేటర్ (బుధవారం సాయంత్రం)
వాలంటీర్ల డేటా మీద మొదలైన పార్టీల గొడవ కామెంట్లు పదకొండు తీసేశాం. అది వేరే థ్రెడ్‌లో కొట్టుకోండి. ఇక్కడ అవ్వ సంగతి మాత్రమే.

కోడలి_వైపు (బుధవారం రాత్రి)
ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నా గానీ ఊరుకోలేకపోతున్నా. నేను మా అత్తగారిని ఆరేళ్లు చూసుకున్నాను. ఇదే జబ్బు. స్నానం చేయిస్తుంటే నన్ను దొంగ అని అరిచేది, చుట్టుపక్కల వాళ్లు నేనేదో చేస్తున్నాననుకునేవాళ్లు. మొదటి రెండేళ్లు మంచిగా చూసుకున్నా, తర్వాత ఒకసారి గట్టిగా చెయ్యి పట్టి లాగేశాను, గోళ్లు దిగాయి, ఆ గుర్తు చూసి ఆ రాత్రి నేనే ఏడ్చాను. ఆరేళ్లలో మా గడప తొక్కి "నువ్వెలా ఉన్నావమ్మా" అని అడిగిన ఉద్యోగి ఒక్కరూ లేరు. కాళ్లు చేతులు పడిపోయి మంచాన ఉంటే మన దగ్గర 15,000 పింఛను ఉంది, మంచిదే. నడిచి పారిపోయే మనిషికి మామూలు 4,000 ఏ, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ఇచ్చేది) తెచ్చుకోగలిగితే 6,000. పారిపోయే మనిషికి కాపలా కాసేవాళ్లకి కూలి పోతుంది కదండీ, అది ఎవరు లెక్కేస్తారు?

ఆ ఇంట్లో కోడలుంటే ముందు ఆమెతో మాట్లాడండి తమ్ముడూ. దయచేసి నిలదీయొద్దు.

ఓరుగల్లు_పిల్ల (బుధవారం రాత్రి)
అక్కా 🙏 ఇది మా ట్రైనింగ్‌ల ఎవ్వరు చెప్పలే.

ఒకటో_తారీఖు (తర్వాతి సోమవారం రాత్రి)
అప్‌డేట్ ఇస్తున్నా, పెద్దగా ఉంటది, ఓపికుంటే చదవండి.

మా ఏఎన్‌ఎం మేడంని బతిమాలి బీపీ షుగర్ చెక్ అనే వంకతో వెళ్లాం, కొడుకు లేని టైం చూసి. సూదిమందక్క చెప్పిందే కరెక్ట్. కొడుకు రాత్రిళ్లు బ్యారన్ దగ్గర కాపలా, ఆకు కాల్చేటప్పుడు వేడి ఒక్కసారిగా తగ్గకూడదు పెరగకూడదు, అయిదారు రోజులు మనిషి కదలకూడదు, కునుకు తీస్తే బ్యారన్ మొత్తం పోద్ది. కోడలు తెల్లారుజామున ఆకు కట్టడానికి పోద్ది. అవ్వ పోయిన నెల అర్ధరాత్రి నడుచుకుంటా పోయి ఎవరిదో బ్యారన్ పొయ్యి ముందు కూర్చుందంట, చలికాచుకుంటోందిలే అనుకున్నారంట, చీర కొంగు నిప్పుకి జానెడు దూరం. ఆ రోజు నుంచి కోడలు తన పాత ఓణీ చించి మంచం కోడుకి కడుతోంది. ఆ పేలిక మాకు చూపించింది, ఒరుసుకోకుండా లోపల దూది పెట్టి కుట్టింది. చూపిస్తా ఏడ్చింది. నేను నెత్తిన కేసులు పెట్టేద్దాం అనుకున్న మనిషి ఈమె.

మేడం అవ్వని ఈరోజు ఏ వారం అని అడిగితే "సంత" అంది. పేరు చెప్పింది, కొడుకు పేరు చెప్పలేకపోయింది.

నేను ఏంచేశానంటే, ఎవరూ చెప్పకుండానే ఒక పాత లాంగ్ నోట్‌బుక్ తీసుకుని శుక్రవారం మధ్యాహ్నం సచివాలయంలో అందరినీ కూర్చోబెట్టా. ఏఎన్‌ఎం, మహిళా పోలీస్, అంగన్‌వాడీ టీచర్, డ్వాక్రా సంఘం లీడర్, ఆశా. అందరూ అదే ఊరోళ్లు, రోజూ ఎదురుపడేవాళ్లే, ఒక మనిషి గురించి ఇట్లా కూర్చోవడం మాత్రం ఇదే ఫస్ట్ టైం. టీ నా డబ్బులే. అవ్వ పేరు రాయలేదు, "వరుస 1" అని రాశా. పక్కన ఎవరు ఏం చేస్తారు, ఏ తారీఖు లోపు, అంతే. జబ్బు పేరు కూడా రాయలేదు (పేరొద్దు గారూ మీ మాట గుర్తుపెట్టుకున్నా).

ఏఎన్‌ఎం జిల్లా ఆస్పత్రికి రిఫరల్. 104 బండి డాక్టర్ చూసి థైరాయిడ్, బీ12 రక్తపరీక్షలు ముందు చేయించమన్నాడు, కొన్నిసార్లు వాటివల్ల కూడా మతిమరుపు వస్తదంట, అది నయం అయ్యేదంట. మహిళా పోలీస్ స్టేషన్‌లో చెప్పింది, రాత్రి బీట్‌లో ఆ వీధి కలిపారు, బ్యారన్ల దగ్గర మనుషులకి అవ్వ ఫొటో చూపించి కనబడితే ఫోన్ చెయ్యమన్నారు. సంఘం లీడర్ తలుపుకి బయట గొళ్లెం కాకుండా లోపల గజ్జెలు కట్టమంది, తలుపు కదిలితే మోత వస్తది, మేక మెడలోవి దొరికాయి. ఇది ఏ స్కీంలోనూ ఉండదు చూడండి.

అన్నిటికన్నా పెద్దది అంగన్‌వాడీ. కోడలు పనికి పోయేటప్పుడు అవ్వని అక్కడ అరుగు మీద కూర్చోబెట్టి పోతోంది, ఆయమ్మ ఒక కన్నేసి ఉంచుతోంది. అవ్వకి చిక్కుడుకాయలు ఈనెలు తియ్యమని ఇస్తే గంటలకొద్దీ కూర్చుంటోంది. పిల్లలు అవ్వా అవ్వా అని పైన పడుతుంటే నవ్వుతోందంట. మణికట్టు మీద గీత మానిపోయింది.

సూదిమందక్క (సోమవారం రాత్రి)
మేక గజ్జెలు!! నేను రేపే వాడతా తమ్ముడూ.

నాకెందుకులే (సోమవారం రాత్రి)
సరే బాగుంది. మీకు ట్రాన్స్‌ఫర్ అయితే ఆ నోట్‌బుక్ ఏమవుద్ది?

ఒకటో_తారీఖు (సోమవారం రాత్రి)
అదే భయం నాకూ. ఇంకో సంగతి కూడా, అంగన్‌వాడీ టీచర్‌ని పై నుంచి అడిగారంట, సెంటర్లో ముసలామె ఎందుకుంది, పిల్లలకి ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత అని. ఆమె తప్పు కాదు, రూల్ లేదు నిజమే. రాతపూర్వకంగా ఎవరిస్తారో తెలియట్లేదు.

రిటైర్డ్_హెడ్డు (సోమవారం రాత్రి)
పంచాయతీ సెక్రటరీ చేత గ్రామసభలో ఒక తీర్మానం రాయించు. సెంటర్ లోపల అని రాయొద్దు, అరుగు మీద అని రాయి. మా కాలంలో అట్లాంటివే పనికొచ్చేవి. నోట్‌బుక్ మహిళా పోలీస్ అమ్మాయి దగ్గర ఇంకో కాపీ పెట్టు, ఇద్దరికీ ఒకేసారి బదిలీ రాదులే.

వేల్స్_డాక్టరు (సోమవారం రాత్రి)
ఒక్కటే చిన్న సలహా. వచ్చే శుక్రవారం కొత్త కేసులకన్నా ముందు వరుస 1 చదవండి. మా దగ్గర పాత కేసులు చివర్లో పెట్టుకుంటాం, అప్పటికి అందరూ లేచిపోతుంటారు.

కోడలి_వైపు (సోమవారం రాత్రి)
తమ్ముడూ, అంగన్‌వాడీ ఆదివారం ఉండదు కదా. ఆకు పని ఆదివారం కూడా ఉంటుంది. ఆ రోజు ఎలా?

ఒకటో_తారీఖు (సోమవారం అర్ధరాత్రి)
కొడుకు కూడా ఇదే అడిగాడక్కా ఇవాళ సాయంత్రం. నా దగ్గర సమాధానం లేదు. నోట్‌బుక్‌లో రాసుకున్నా, వరుస 1, ఆదివారం, ఎవరు? పక్కన గడి ఖాళీగా ఉంది.